ఇసాలే వరస

ఆ ఏడు పెద్దవానలు మార్చి పదో తారీఖుకే దిగాయి. కిలిమంజారో కొండ మబ్బుల్లో దూరి మళ్ళీ జూన్ దాకా మొహం చూపించలేదు. ఊళ్ళో అందరూ అరటితోటల్లో బురద తొక్కుతూ వానని తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే సంతోషంగా ఉన్నాను. తోటలు వేసేవాడికి వానాకాలమే పండగ. ఏ మొక్క పెట్టినా బతుకుతుంది, పేరు మనకొస్తుంది.

ఇళ్ళ చుట్టూ తోటలు వెయ్యడం నా పని. మొక్కలు అమ్ముకోవడం కాదు. ఆ తేడా తెలియనివాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఖాళీ జాగా చూసి వాననీళ్ళు ఎటు పోతాయో, సాయంత్రం ఎండ ఏ గోడ మీద పడుతుందో, ఇంటావిడ టీ కప్పు పట్టుకుని ఎక్కడ కూర్చుంటుందో ఆలోచించి కాగితం మీద గియ్యాలి. గీసినదాన్ని నేల మీద నిలబెట్టాలి. గీత నాది, మొక్కలు నావి. రాతిపని మా అన్నయ్య ఎలినామిది. సిమెంటు చుక్క లేకుండా నల్లరాళ్ళని ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి గోడ లేపగలడు. మోషీ పట్నంలో డబ్బున్నవాళ్ళుండే పేటలో మేమిద్దరం కలిసి వేసిన తోటలు పదిహేడు.

అన్నయ్య నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. మా ఊరు మచామేలో ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కనే. మా చగ్గా తెగవాళ్ళలో తండ్రి ఇల్లు చిన్నకొడుక్కి వస్తుంది, పెద్దవాడికి వేరే చోటిస్తారు. అలా నాన్న ఇల్లు నాకొచ్చింది. రెండు చోట్లకీ మధ్య నాన్న తన చేత్తో నాటిన ఇసాలే వరస ఉండేది. సన్నటి కాండం మనిషెత్తు లేచి, మొక్కజొన్న ఆకుల్లాంటి పొడుగాటి ఆకులు వేలాడుతుంటాయి. హద్దుకీ అదే మొక్క, సమాధి దగ్గరా అదే, క్షమాపణకీ అదే. తప్పు చేసినవాడు ఇసాలే ఆకు ముడివేసి తెచ్చి చేతికిస్తే ఎదుటివాడు కాదనకూడదు. ఎంత పెద్ద తప్పయినా సరే, ఆకు అందుకోవాల్సిందే.

నా భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లల్లేరు. రోజూ సాయంత్రం ఆ ఇసాలేల మధ్యలోంచి దూరి అన్నయ్యవాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాణ్ణి. ఆకుల తడి భుజాలకంటుకునేది.

"వచ్చాడమ్మా తోటల దొర," అనేది వదిన ఐకా. "కాళ్ళు కడుక్కుని లోపలికి రా. ఆ పట్నం బురద నా ఇంట్లోకి తేకు."

"ఇది మామూలు బురద కాదు వదినా, బ్యాంకు మేనేజర్లింటి బురద."

"అయితే ఇంకో చెంబు పోసుకో."

అన్నయ్య నవ్వేవాడు కాదు. అరటికాయలతో ఉడికించిన మాంసంలోంచి పెద్ద ముక్క ఏరి నా పళ్ళెంలో పడేసేవాడు. రోజంతా రాళ్ళతో ఉండే మనిషి, మాటలు తక్కువ. నాకు ఉన్న ఇల్లు ఆ పళ్ళెమే అని అప్పట్లో తెలియలేదు.

ఆ వానాకాలం మాకు దొరికిన పెద్ద పని కోకు మేడమ్‌ది. విక్టోరియా సరస్సు అవతల బుకోబా మనిషి. బ్యాంకులో చేసి రిటైరై మోషీలో ఇల్లు కట్టుకుంది. మంచి మనిషి, కూలీలకి తనే టీ పోసేది. ఏప్రిల్ ఆఖరి శనివారం కూతురి అప్పగింత విందు తోటలోనే చెయ్యాలని ఆవిడ పట్టుదల. అంతా బాగానే ఉంది కానీ, తోటకి ఉత్తరాన పక్కవాళ్ళ సగం కట్టిన మేడ ఒకటి ఇనుప చువ్వలు పైకి పెట్టుకుని మమ్మల్నే చూస్తుండేది. అది కనబడకుండా ఏదైనా చెయ్యమంది. ఇసాలే వరస గీసి చూపించాను.

"ఇదే! మీ వైపు ఎక్కడో చూశాను. ఎంత హుందాగా ఉందో! అయితే కుందాయేలీ, నాకు ఎదిగినవే కావాలి. పెళ్ళికూతురు వెనకాల మోకాలెత్తు మొక్కలు నిలబెట్టి ఫోటో తీయించలేను."

అరూషాలో నాకు తెలిసిన నర్సరీవాడు అరవై ఎదిగిన దుబ్బులిస్తానన్నాడు. వాగు పొంగి లారీ దారిలో నాలుగు రోజులు ఇరుక్కుపోయింది. వచ్చాక పట్టా తీసి చూస్తే మొదళ్ళన్నీ మెత్తబడి కుళ్ళు కంపు. విందుకి ఇంకా పదకొండు రోజులుంది. తల పట్టుకుని కూర్చున్నాను.

"పిల్లమొక్కలు పెట్టు," అన్నాడు అన్నయ్య, మెట్ల రాయి చెక్కుతూ. "అవే ఎదుగుతాయి."

"విందు పదకొండు రోజుల్లో అన్నయ్యా, పదకొండేళ్ళలో కాదు."

"అయితే ఆవిణ్ణి పదకొండేళ్ళు ఆగమను."

"నీకేం, నీ రాయికి ఎదిగే పని లేదు."

కిందా మీదా పడి ఊళ్ళన్నీ తిరిగాను. ఎదిగిన ఇసాలే ఎవరమ్ముతారు? ఎదిగిందంటేనే ఎవరిదో హద్దయి ఉంటుంది. ఒక ముసలావిడయితే నా మాట పూర్తి కాకుండానే తలుపేసుకుంది. నాలుగో రోజు సాయంత్రం భోజనానికి వెళ్తూ మా వరస మధ్యలో ఆగిపోయాను. ఎత్తు చూశాను. మొదళ్ళ లావు చూశాను. లెక్కపెట్టాను, అరవై రెండు. అంతకు ముందు నా జన్మలో ఎప్పుడూ మా హద్దుని సరుకుగా చూసి ఎరగను. ఆ రాత్రి అన్నయ్యవాళ్ళింట్లో తిన్నాను, కబుర్లు చెప్పాను, ఈ సంగతి మాత్రం చెప్పలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు. ఇన్నేళ్ళయ్యాక దీన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

ఆదివారం అన్నయ్యా వదినా చర్చికి వెళ్ళిన అరగంటకి పట్నం నుంచి నలుగురు కూలీలు లారీలో దిగారు. కావాలనే వేరే ప్రాంతం వాళ్ళని మాట్లాడాను. మా వాళ్ళయితే అక్కడ పార పట్టరు. పని మాత్రం శుభ్రంగా చేయించాను. ఆకులు సగానికి కోసి పైకెత్తి కట్టించి, వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా గోనెపట్టలు చుట్టించాను. ఒక్క దుబ్బు కూడా దెబ్బ తినలేదు. లారీ పంపేసి, అవే గోతుల్లో నర్సరీ నుంచి కుండీల్లో తెచ్చిన పిల్ల ఇసాలేలు అరవై రెండు నేనే నాటాను. వరస చెక్కు చెదరలేదు. పాతచోటే, ఒక్క జానెడు అటూ ఇటూ లేదు. ఇదే చూపించి సర్దిచెప్పొచ్చనుకున్నాను.

వాళ్ళు గొడుగు కింద నడిచొచ్చారు. అన్నయ్య ఆదివారం వేసుకునే గోధుమరంగు కోటులో ఉన్నాడు. వదిన నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఆగిపోయింది. అన్నయ్య వరస పొడుగునా ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు, బూట్లు బురదలో దిగిపోతున్నా చూసుకోలేదు.

"హద్దు కదల్లేదన్నయ్యా," అన్నాను. "కావాలంటే కొలుచుకో. మొక్కలే మారాయి. అయిదారేళ్ళలో మళ్ళీ అంతవుతాయి."

"నేల గురించి ఎవడడిగాడురా?"

"మరి?"

"మనిద్దరి మధ్యా తగాదా రాకూడదని నాన్న నాటాడు. ఆ మొక్కలు చేతికందిస్తూ నేను పక్కనే ఉన్నాను. నువ్వప్పుడు అమ్మ వీపున ఉన్నావు. ఏ తగాదా లేకుండానే పీకేశావే."

"పనికి అవసరమైంది..."

"ఒక్కటి చెప్పు. నేను చర్చిలో ఉండగానే ఎందుకు పీకావు?"

అన్నయ్య గొడుగు వదిన చేతికిచ్చి వానలోనే ఇంటికి వెళ్ళిపోయాడు. వదిన నావైపు ఒకసారి చూసి ఆయన వెనకే వెళ్ళింది.

మర్నాడు నేను పట్నం నుంచి వచ్చేసరికి పిల్లమొక్కలన్నీ మా వసారాలో ఉన్నాయి. అరవై రెండూ. వేళ్ళకి తడి గోనెలు చుట్టి, ఎత్తు ప్రకారం వరసగా ఆనించి పెట్టాడు. కోపంలో పీకిన మొక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవి అలా లేవు, ఒక్క వేరు కూడా తెగలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

తర్వాత అన్నయ్య పనికి రాలేదు. పనిముట్లు పెట్టుకునే కొట్టంలో సుత్తులూ ఉలులూ లేవు. మిగిలిన మెట్లు ఇంకో మేస్త్రీ చేత కట్టించాను. ఎక్కడ చూసినా సిమెంటు పూసి వదిలాడు. సాయంత్రాలు ఇంటికొచ్చి పొయ్యి రాజేసుకుని, అరటికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని నిలబడే తినేవాణ్ణి. కూర్చుని తినాలంటే ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. ఇసాలేలు లేకపోవడంతో అన్నయ్యవాళ్ళ వంటింటి గుమ్మం నా వసారాలోంచి తిన్నగా కనబడేది. వాళ్ళ దీపం, వదిన నీడ, మేక అరుపు, అన్నీ అంతకు ముందుకంటే దగ్గరగా ఉండేవి. పాతిక అడుగుల దూరం కూడా లేదు. అటు వెళ్ళడానికి మొహం చెల్లేది కాదు.

ఒకసారి కాలవ దగ్గర వదిన ఎదురైంది.

"బాగున్నావా కుందా?" అంది.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఆ మాట అడగలేదు. బాగున్నావా అని పరాయివాళ్ళని అడుగుతారు. బాగానే ఉన్నానన్నాను. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే కాలవ గట్టు మీద కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాను.

కోకు మేడమ్ తోట మాత్రం అద్భుతంగా వచ్చింది. నా పద్దెనిమిది తోటల్లో అన్నిటికంటే గొప్పది అదేనని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పచ్చిక పట్టింది, విందు రోజు పొద్దున పడ్డ వాన పది గంటలకల్లా నేను తీసిన కాలవల్లోకి ఇంకిపోయింది. పక్కింటి చువ్వలు ఎక్కడా కనబడలేదు. పెళ్ళికూతుర్ని ఇసాలేల ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. నేను గేటు పక్కన నిలబడి నీళ్ళెక్కడైనా నిలుస్తాయేమోనని చూస్తున్నాను.

పెళ్ళికొడుకు వైపు తాత ఒకాయన, మా చగ్గా మనిషే, కర్ర పోటేసుకుంటూ వరస దగ్గరికెళ్ళి ఒక మొదలుని చేత్తో తడిమి చూశాడు. తర్వాత నన్ను రమ్మని సైగ చేశాడు.

"ఈ తోట వేసింది నువ్వేనా?"

"నేనే తాతా."

"ఇది నర్సరీలో పెంచిన మొక్క కాదు. యాభై ఏళ్ళదైనా ఉంటుంది." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరి హద్దయ్యా ఇది?"

"అరూషా నుంచి తెప్పించాం."

ఆయన నా మొహంలోకి చూశాడు. "అరూషా," అన్నాడు. ఆ మొదలు మీద రెండుసార్లు మెల్లగా తట్టి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నాన్నని ముక్కూమొహం తెలియనివాడి ముందు కాదన్నట్టయింది నాకు.

అందరూ వెళ్ళాక కోకు మేడమ్‌ని అడిగాను.

"మేడమ్, వీటిలోంచి ఒక ఆకు తీసుకోనా?"

"ఆకా? పది కోసుకో. కషాయానికా?"

"కాదు. ఇంటికి."

"తీసుకో నాయనా. మా ఇంట్లో పుట్టి పెరిగినట్టున్నాయి ఇవి. ఎలా చేశావో!"

మర్నాడు పొద్దున చర్చికి ముందే ఆకు ముడివేసి చొక్కాలో పెట్టుకుని వెళ్ళాను. అన్నయ్య వసారాలో ఉలి నూరుకుంటున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"చొక్కాలో ఏముందో నాకు తెలుసు," అన్నాడు. "బయటికి తియ్యకు."

"ఎందుకన్నయ్యా?"

"తీస్తే అందుకోవాలి కాబట్టి. నాకింకా కోపం తీరలేదురా. తీరనీ. ఆర్నెల్లు పట్టనీ, ఏడాది పట్టనీ. ఏదో ఒక సాయంత్రం నేనే పిలుస్తాను. అందాకా దాన్ని దాచుకో."

"ఏడాది పాటు ఎవరాగుతారు? ఒక్కణ్ణే తినలేకపోతున్నాను."

"ఆగు. నాకోసం ఒక్కసారి ఆగు."

అంత మాట నన్నెప్పుడూ అడిగి ఉండలేదు. వదిన గుమ్మంలోకి వచ్చి తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. వాళ్ళ వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. నేను ఆకు తీసి రెండు చేతులతో ముందుకు చాచాను.

అన్నయ్య చేతులు గుడ్డకి తుడుచుకుని, లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నాడు.

"సరే," అన్నాడు. "అయిపోయింది."

ఆ సాయంత్రం నాకు వాళ్ళింట్లో భోజనం పెట్టారు. వదిన కూర మారు వడ్డించింది. అన్నయ్య వానల గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. నేను గుక్కతిప్పుకోకుండా విందు సంగతులన్నీ చెప్పాను. వాళ్ళు విన్నారు, అతిథి మాటలు విన్నట్టు మర్యాదగా విన్నారు. చెయ్యి కడుక్కుంటుంటే వదిన తువ్వాలు తెచ్చిచ్చింది. అంతకు ముందు నేనెప్పుడూ ఆవిడ కొంగుకే తుడుచుకుని తిట్లు తినేవాణ్ణి.

మే నెలాఖరున వానలు తగ్గాయి. అన్నయ్య ఏటి నుంచి రాళ్ళు తోలుతున్నాడు. ఎక్కడో పని ఒప్పుకున్నాడనుకున్నాను. ఒక పొద్దున కేకేశాడు.

"కుందా! ఖాళీగా ఉంటే వచ్చి కాస్త దారం పట్టుకో!"

ఎన్ని వారాలైందో ఆ కేక విని! టీ తాగుతున్నవాణ్ణి కప్పు అక్కడే పడేసి పరిగెత్తాను. హద్దు పొడుగునా, ఇసాలే గోతులున్న చోటే, పునాదికి కందకం తవ్వి ఉంది. రాళ్ళ వరస తిన్నగా రావడానికి కట్టే దారం కొస ఒకటి నా చేతికిచ్చాడు.

"గోడా?" అన్నాను.

"ఊఁ."

మా ఊళ్ళో రెండిళ్ళ మధ్య రాతిగోడ అంతవరకూ లేదు. నేను పట్టుకునే ఉన్నాను. మొదటి వరస రాళ్ళు పేర్చుకుంటూ వచ్చాడు. నేను రోజూ దూరి వెళ్ళే చోటు దాటిపోయాడు.

"అన్నయ్యా, దారి ఎక్కడ వదులుతున్నావు?"

"దారెందుకు? పట్నంలో అందరికీ నువ్వు కట్టించేది ఇదేగా. చుట్టూ గోడ, ముందో గేటు. నీ గేటు నీకుంది, నా గేటు నాకుంది."

"ఆకు తీసుకున్నావు కదా..."

"తీసుకున్నాను. నీ మీద నాకేం లేదు. ఉంటే నిన్ను పిలిచి పట్టుకోమంటానా?" తల ఎత్తకుండానే అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో, కోపం కూడా లేదు. "గట్టిగా లాగు, మధ్యలో కుంగుతోంది."

గట్టిగా లాగాను.

పన్నెండు రోజులు పట్టింది. రోజూ పిలిచాడు, రోజూ వెళ్ళాను. ఇద్దరం కలిసి చేసిన ఆఖరి పని అది. గోడ నడుమెత్తయింది, భుజాలెత్తయింది. రాయికీ రాయికీ మధ్య చాకు మొన కూడా దూరదు. అలాంటి గోడ నా తోటల్లో దేనికీ కట్టలేదు. చివరిరోజు తల మించి లేచింది. నేను నా వైపు నిచ్చెన పక్కన నిలబడి ఉంటే దారం కొస గోడ మీదుగా వచ్చి కింద పడింది. తీసుకుని చేతికి చుట్టుకున్నాను. మనిషి కనబడలేదు. కాసేపటికి అవతల నుంచి లాగాడు, దారం బిగిసింది. నేనూ లాగి పట్టుకున్నాను. అన్నయ్య నోట చాలనే మాట కోసం చూస్తూ అలాగే నిలబడ్డాను.